ఏటి ఒడ్డు ఊళ్లు: వాడపల్లికి అవతలి గట్టు

పోయినవారం కథ ఏలేశ్వరం దగ్గర, నాగార్జునసాగర్ నీళ్ల అడుగున ఆగింది. డ్యాం దాటి కిందికి దిగితే కృష్ణ ఈశాన్యం పడుతుంది. రాళ్లను ఒరుసుకుంటూ కొంతదూరం పోయాక, ఎడమచేతి వైపు నుంచి వచ్చే మరో ఏటిని కలుపుకుంటుంది. ఆ ఏరు మూసీ. కలిసే చోటు వాడపల్లి.

మిర్యాలగూడకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరం. నల్లగొండ జిల్లా, దామరచర్ల మండలం. రెండు పాత గుళ్లు, కోట ఆనవాళ్లు, స్నానాల రేవు, చెక్‌పోస్టు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద ఒంగోలు, నెల్లూరు వైపు పోయే రాత్రి బస్సుల్లో చాలామంది ఈ ఊరిని నిద్రలోనే దాటేస్తారు. మెలకువగా ఉన్నవాళ్లకు గుర్తుండేది వంతెన ఒక్కటే. ఇటు దిగితే తెలంగాణ, అటు దిగితే పల్నాడు జిల్లా పొందుగల.

ఈ ఊరి చరిత్ర తెలియాలంటే ముందు ఆ పొందుగల వైపు చూడాలి. వాడపల్లిని ఎవరు ఏలారన్నది సగం కథే. అవతలి గట్టు ఎవరి చేతిలో ఉందన్నది మిగతా సగం. రెండు ఒడ్లూ ఒకే రాజువైనప్పుడు వాడపల్లి రేవు. వేర్వేరు రాజులవైనప్పుడు కావలి. ఏడెనిమిది వందల ఏళ్లుగా ఈ ఊరు ఈ రెండు పనుల మధ్యే తిరుగుతోంది.

రాజులకు ముందు రాయి గురించి చెప్పాలి. పల్నాడు మొదలుకొని ఇటు దామరచర్ల, మట్టంపల్లి, మేళ్లచెరువు దాకా నేల కింద పరుచుకున్నది ఒకటే సున్నపురాయి. కృష్ణ దాన్ని రెండుగా కోసిందే తప్ప మార్చలేదు. రెండు వైపులా అవే నాపరాళ్ల గోడలు, అదే ఎండ. పైనేలిన వాళ్లు మారినన్నిసార్లు ఈ రాయి మీద గీతలు పడ్డాయి, చెరిగిపోయాయి. ఇరవయ్యో శతాబ్దం చివర్లో మాత్రం ఈ రాయే ఊరి జాతకాన్ని మార్చింది. ఆ సంగతి తర్వాత.

మూసీది ఇంకో కథ. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మీదుగా దాదాపు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి చేరుతుంది. దారిలో ఆలేరు వాగునూ బిక్కేరునూ కలుపుకుంటుంది. ఆ బిక్కేరు ఒడ్డునే, సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో, ఫణిగిరి బౌద్ధక్షేత్రం ఉంది. అక్కడ దొరికిన శాసనాల్లో ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి పద్దెనిమిదో పాలనా సంవత్సరానిది ఒకటి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మాత్రం కృష్ణ కుడి గట్టున, ఇప్పటి నాగార్జునకొండ లోయలో ఉండేది. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందట ఒకే రాజు మాట కృష్ణకు ఆవలా, మూసీ పరీవాహకంలోనూ చెల్లింది. విజయపురి నుంచి ఫణిగిరికి నదుల వెంట దారి పడితే రెండు నీళ్లూ కలిసే ఈ మూల మీదుగానే పోవాలి. బౌద్ధ భిక్షువులు ఇక్కడే ఏరు దాటారని తేల్చే రాతి ఆధారం లేదు గానీ, నేల పోకడ చూస్తే అలా అనుకోవడం అతిశయం కాదు.

కాకతీయుల కాలంలోనూ రెండు ఒడ్లూ ఒక్కటే. 1323లో ఓరుగల్లు కూలాక అసలు గొడవ మొదలైంది. దక్షిణాన ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతంలో రాజ్యం నిలిపాడు; అది తర్వాత కొండవీటికి మారింది. ఉత్తరాన రాచకొండ, దేవరకొండల్లో రేచర్ల వెలమ దొరలు బలపడ్డారు. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. మధ్యలో కృష్ణ. వాడపల్లి ఉన్నది ఉత్తరపు ఒడ్డున, కానీ ఊరి గుళ్ల కథల్లో వినిపించేది మాత్రం దక్షిణపు రెడ్డి రాజుల పేరు. ఒక రాజ్యం అవతలి గట్టు మీద కాలు మోపి ఉంచుకోవాలనుకుంటే, రెండు నదులు రెండు వైపులా కందకాలుగా పనికొచ్చే ఇలాంటి చోటును వదులుకోదు.

స్థలపురాణం ప్రకారం ఈ గుళ్లకు మూలపురుషుడు అగస్త్యుడు. శివకేశవుల మూర్తులను కావడిలో పెట్టుకొని ప్రయాణిస్తూ సంగమం దగ్గర దించాడట. అవి పుట్టల్లో మరుగున పడితే, ఇక్కడ పట్నం కట్టబోయిన రెడ్డి రాజులకు తవ్వకంలో బయటపడ్డాయట. కొన్ని పుస్తకాలు దీన్ని 12వ శతాబ్దపు ముచ్చటగా చెబుతాయి. అప్పటికి కొండవీటి రెడ్ల రాజ్యమే పుట్టలేదు. పురాణం తేదీల పట్టింపు లేకుండా నడుస్తుంది కాబట్టి దాన్ని అలా వదిలేయడమే మేలు.

మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి గుడిలో శివలింగం పైభాగాన ఒక బిలం ఉంది. అందులో నీరు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటుందని చెబుతారు. దాని వెనక ఒక బోయవాడి కథ ఉంది. వాడు తరుముకొచ్చిన పిట్ట శివుణ్ని శరణు కోరింది. పిట్టనిస్తే పిట్టకు అన్యాయం, ఇవ్వకపోతే ఆకలిగొన్న బోయవాడికి అన్యాయం. శివుడు తన తలలోని మాంసమే తీసుకొమ్మన్నాడు. లింగం మీద కనిపించే గుంటలు ఆ బోయవాడి వేళ్ల గుర్తులంటారు. గాయం కడగడానికి దిగిన గంగే బిలంలోని నీరు. లోతు కొలవబోయిన శంకరాచార్యుల దారానికి రక్తమాంసాలు అంటుకొచ్చాయన్న కొసరు కథ కూడా ఉంది. పక్కనే లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు. ఒకటి నిలకడగా, స్వామి ముఖానికి దగ్గరున్నది రెపరెపలాడుతూ వెలుగుతాయి. అది దేవుడి ఊపిరని పూజారులు చూపిస్తారు. శివుడి గుడీ నరసింహుడి గుడీ ఒక్క ఊళ్లోనే ఉండటంతో అస్థికలు కలపడానికి, పిండాలు పెట్టడానికి మిర్యాలగూడ, నల్లగొండ, సూర్యాపేట వైపు కుటుంబాలు తరాలుగా ఇక్కడికే వస్తున్నాయి. 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాల్లో నల్లగొండ జిల్లాలోని ముఖ్యమైన స్నానఘట్టాల్లో ఇదొకటి.

రెడ్లు, వెలమల కొట్లాట తెలుగు సాహిత్యానికి ఒక మంచి కథను మిగిల్చింది. కొండవీటి వాళ్ల నందికంత పోతరాజు కటారిని వెలమ దొరలు యుద్ధంలో గెలిచి పట్టుకుపోయారు. కత్తి పోతే రాజ్యం పరువు పోయినట్టే. దాన్ని తిరిగి తేవడానికి కొండవీడు సైన్యాన్ని కాకుండా శ్రీనాథుణ్ని పంపింది. ఆయన కృష్ణ దాటి, వెలమ కొలువులో కవిత్వంతో మెప్పించి, బహుమానంగా కటారినే అడిగి తెచ్చాడని చాటుకథ. ఆయన ఏ రేవులో పడవెక్కాడో కథ చెప్పదు. అవతలి ఒడ్డున పల్నాటి తిండి మీద, నీళ్ల ఎద్దడి మీద ఆయన విసిరిన చాటువులు మాత్రం ఇప్పటికీ ఆ వైపు వాళ్లను గిల్లుతూనే ఉన్నాయి.

తర్వాతి వందేళ్లూ గీత కుదురుగా లేదు. కొండవీడు గజపతుల చేతికి పోయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని గెలుచుకున్నాడు. ఆ దండయాత్రల్లో సూర్యాపేట దగ్గరి ఉండ్రుగొండ, కోదాడ వైపు అనంతగిరి దుర్గాలూ విజయనగరానికి లొంగాయి. 1580 ప్రాంతంలో కుతుబ్‌షాహీలు కొండవీడును తీసుకున్నాక రెండు ఒడ్లూ మళ్లీ ఒకే ఏలుబడి కిందికి వచ్చాయి. దానితోపాటే ప్రపంచమంతా ఈ నది వైపు చూసే కాలం వచ్చింది. కారణం వజ్రం.

వాడపల్లి నుంచి కృష్ణ వెంట కిందికి పోతే కుడి గట్టున కొల్లూరు ఉండేది. 17వ శతాబ్దం మధ్యలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే గనుల్లో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. వర్తకుడి లెక్క కాబట్టి కాస్త తగ్గించి చదువుకున్నా, ఆ కాలానికి అది ఒక నగరం. కోహినూర్ అక్కడిదేనని చాలామంది నమ్మకం. గోల్కొండ నుంచి కొల్లూరుకు ఆయన చెప్పిన మజిలీల్లో పానగల్లు, నాగులపాడు, లక్కవరం పోల్చుకోవచ్చు. అవి ఇప్పుడు నల్లగొండ పక్కన ఒకటి, సూర్యాపేట దగ్గర ఒకటి, హుజూర్‌నగర్ దగ్గర ఒకటి. ఆ దారి మూసీని ఎగువనే దాటేస్తుంది, వాడపల్లిని తాకదు. పెద్దబాట తప్పిపోవడం ఈ ఊరి చరిత్రలో చిన్న నష్టం కాదు. నల్లగొండకూ పల్నాడుకూ మధ్య రాకపోకల రేవుగా మిగిలిందే గానీ, గోల్కొండ–మచిలీపట్నం బాట మీది సరాయిల సందడి దీనికి దక్కలేదు.

ఆ బాట చివర మచిలీపట్నంలో 1605లోనే దిగినవాళ్లు డచ్చి వర్తకులు. వాళ్లు తీరంలోనే కూర్చోలేదు. ఇప్పటి ఖమ్మం జిల్లా నాగులవంచలో 1669 ప్రాంతంలో గిడ్డంగి పెట్టి బట్టలు, నీలిమందు కొన్నారు. 1687లో గోల్కొండ మొగలుల చేతికి చిక్కే నాటికి అదీ ముగిసింది. గోల్కొండలో కొలువు చేసి వెళ్లిన డేనియల్ హవార్ట్ అనే డచ్చివాడు ఈ ఎత్తుపల్లాలన్నీ కూర్చి 1693లో పుస్తకం అచ్చు వేశాడు.

ఆ డచ్చివాళ్లకు వాడపల్లి లాంటి ఊరు కొత్తేమీ కాదు. వాళ్ల దేశంలో వాల్, మాస్ అనే రెండు నదులు కలిసేచోట వౌద్రిఖెమ్ అనే చిన్న ఊరుంది. ఎదురుగా నీళ్ల అంచున లూవెస్టైన్ కోట. ఇక్కడ రెడ్లూ వెలమలూ కృష్ణ కోసం తగాదా పడుతున్న కాలంలోనే, 1360ల్లో, అక్కడి దొర ఒకడు ఆ కోట కట్టి, పోయే పడవల దగ్గర సుంకం పిండాడు. తర్వాత అది జైలైంది. డచ్చి వర్తక సంఘం తరఫున సముద్రం అందరిదీ అని వాదించిన న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్‌ను ఆ కోటలోనే బంధించారు. 1621లో ఆయన పుస్తకాల పెట్టెలో దాక్కుని తప్పించుకుపోయాడు. సంగమం, కోట, సుంకం, పడవ అన్నీ రెండు చోట్లా ఉన్నాయి. వరదలకు విసిగిన డచ్చివాళ్లు 1904లో మాస్ నదికి వేరే కాలువ తవ్వి, పాత సంగమానికి వచ్చే పాయకు అడ్డుకట్ట వేశారు. వౌద్రిఖెమ్ నుంచి కోటకు చిన్న ఫెర్రీ మాత్రం ఇంకా తిరుగుతోంది.

ఇక్కడ గోల్కొండ పోయి మొగలులు, వాళ్ల తర్వాత నిజాములు వచ్చారు. నిజాం కాలపు కాగితాల్లో ఈ ఊరు వజీరాబాద్. గుంటూరు సర్కారు 1788లో ఇంగ్లీషు కంపెనీకి పోయింది. ఎదుటి పల్నాడు మాత్రం ఆర్కాటు నవాబు కింద ఉండి, 1801 నాటికి పూర్తిగా కంపెనీదైంది. ఆ ఏటి నుంచి దాదాపు నూటయాభై ఏళ్లు వాడపల్లికి అవతలి గట్టు పరాయి దేశం. నాణెం వేరు, కోర్టు వేరు, పోలీసు వేరు. ఇటు హాలీ సిక్కా, అటు కంపెనీ రూపాయి.

నిజాం రాజ్యానికి సముద్రం లేదు. ఉప్పు కోస్తా నుంచి రావలసిందే. పెరిక ఎద్దుల మీద ఉప్పు బస్తాలు తోలుకొచ్చిన లంబాడీలు దక్కను దారులన్నీ కాళ్లతో కొలిచారు. దామరచర్ల చుట్టూ ఈనాటికీ తండాలే ఎక్కువ. 1802లో కంపెనీతో కుదిరిన ఒప్పందం ప్రకారం సరుకు మీద నూటికి అయిదు చొప్పున సుంకం. దాన్ని వసూలు చేసే శాఖ పేరు కరోడ్‌గిరీ. హైదరాబాద్ రాజ్యం సరిహద్దు ఊళ్లలో పెరిగిన ముసలివాళ్లకు ఆ సుంకపు నాకాల పేరు మొన్నమొన్నటి దాకా గుర్తుండేది.

రాజ్యాలు విడిపోయినా మొక్కులు విడిపోలేదు. పక్కనే పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. జనవరిలో జరిగే ఉర్సుకు ముస్లింలకు మించి హిందువులు వస్తారు. కృష్ణకు ఆవల నుంచీ వస్తారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతపు హాజరుపట్టీల్లో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి పేర్లు అన్ని కులాల్లోనూ కనిపించడానికి ఈ దర్గాయే కారణం.

1946 నుంచి సాయుధ పోరాటం, దాని వెంట రజాకార్ల దాడులు. నల్లగొండ జిల్లా జనం వేలల్లో సరిహద్దు దాటి ఆంధ్ర వైపు తలదాచుకున్నారు. సుంకం కట్టి దాటిన గీతను ఇప్పుడు ప్రాణం అరచేత పట్టుకొని దాటారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలినప్పుడు తూర్పు వైపు దళం విజయవాడ రోడ్డు పట్టి కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా వచ్చింది. వెనక్కి తగ్గుతూ నిజాం సైనికులు సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చేశారు. నాలుగు రోజుల్లో అంతా అయిపోయింది. 1956లో రెండు ఒడ్లూ మళ్లీ ఒక్కటయ్యాయి.

ఆ తర్వాతి యాభై ఎనిమిదేళ్లు వాడపల్లికి ఎంతో కలిసొచ్చిన కాలం. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లొదిలారు. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరికి మారాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరైంది. ఏటి ఒడ్డునే ఉన్న పొలాలకు మాత్రం కాలువ నీళ్లు అన్నిచోట్లా అందలేదు. నది పక్కనే పారుతుంటే ఎత్తిపోతల కోసం అర్జీలు పెట్టుకోవడం ఈ దరి ఊళ్లకు అలవాటైన విడ్డూరం. ఇక సున్నపురాయి సంగతి. బి.వి. రాజు స్థాపించిన రాశి సిమెంట్ పక్కనే విష్ణుపురంలో ఫ్యాక్టరీ పెట్టింది. 1998లో అది ఇండియా సిమెంట్స్ చేతికి పోయింది. గణేశ్‌పహాడ్, మట్టంపల్లి, మేళ్లచెరువు వరుసగా సిమెంటు ఊళ్లయ్యాయి. బీబీనగర్–నడికుడి రైలుమార్గం 1989 నాటికి పూర్తయింది. రైలు, రోడ్డు రెండూ కృష్ణను ఇక్కడే దాటాయి. పడవ సరంగులకు పని పోయింది, లారీలకు దొరికింది.

2014 జూన్ 2న గీత మళ్లీ పడింది. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు నాలుగు వరుసలైందీ ఆ కాలంలోనే. రోడ్డు వెడల్పవుతున్నప్పుడే మధ్యలో గేటు మొలిచింది. ధాన్యం లారీల తనిఖీ, మద్యం సీసాల తనిఖీ, ఎన్నికలొస్తే డబ్బు కట్టల తనిఖీ. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాద్ నుంచి సొంత ఊళ్లకు బయల్దేరినవాళ్లు ఈ వంతెన దగ్గర చిక్కుకుపోయారు. తెలంగాణ పంపింది, ఆంధ్ర రానివ్వలేదు. కరోడ్‌గిరీ నాకాలు ఎత్తేశాక ఇన్నేళ్లకు మళ్లీ ఈ రేవులో కాగితం చూపించమని అడిగారు.

జనం తగాదా అలా ఉంటే నీళ్ల తగాదా ఇంకా ముదిరింది. 2021 జూలైలో పులిచింతల, సాగర్ డ్యాముల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులూ ఎదురెదురుగా నిలబడ్డారు. కరెంటు కోసం తెలంగాణ నీళ్లు వదిలితే అవి సముద్రం పాలవుతున్నాయని ఆంధ్ర అభ్యంతరం. మరుసటి నెలలోనే పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయింది. వివాదంలో ఉన్న నీళ్లు ఎవరినీ అడగకుండా పోయాయి.

మూసీ పరిస్థితి ఇంకో రకం. 1908 సెప్టెంబరు వరద హైదరాబాద్‌ను ముంచాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1963లో సూర్యాపేట దగ్గర సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు పూర్తయింది. ఇన్ని కట్టల తర్వాత వాడపల్లికి చేరేది ఎక్కువగా హైదరాబాద్ వాడి పారబోసిన నీరు. సంగమస్నానం అంటే శాస్త్రప్రకారం రెండు నీళ్లలోనూ మునగాలి. యాత్రికులు కృష్ణ వైపు మెట్లే ఎక్కువగా వాడుతున్నారంటే వాళ్లను తప్పుపట్టలేం.

ఊరికి కొత్త పొరుగు వచ్చింది. దామరచర్ల మండలంలోనే వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఒక్కోటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు. మొదటిది 2024 డిసెంబరులో ప్రారంభమైంది. బొగ్గు వచ్చేది రైలు మీద, నీళ్లు వచ్చేది కృష్ణ నుంచి. దాని కోసం అడవి పోయింది, తండాలు కదిలాయి. ఈ పక్క పొగగొట్టాలు, ఆ పక్క సిమెంటు దుమ్ము, మధ్యలో అగస్త్యేశ్వరుడు. అవతలి గట్టున పొందుగల వాళ్లకూ అదే గాలి. గాలికి మాత్రం చెక్‌పోస్టు లేదు.

కిందికి పోతే పులిచింతల నీళ్లు ఎదురొస్తాయి. 45.77 టీఎంసీల ఆ జలాశయంలో కొల్లూరు గనులు మునిగాయి, ఎడమ గట్టున చింత్రియాల, నెమలిపురి లాంటి ఊళ్లు మునిగాయి. మట్టపల్లి నరసింహస్వామి గుడికి అడ్డంగా గోడ కట్టాల్సి వచ్చింది. ఆ ఊళ్ల కథ వచ్చే వారం.